మంత్రసాని నెజిప్

మా ఊరి కబేళాలో పేగులు కడగడం నా పని, కొయ్యడం నెజిప్ పని. పొద్దున్నే మురుగుకాలవ పక్కనున్న రేకుల షెడ్డులో ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. రెండూ చూడముచ్చటైన మొహాలేం కావు. అతని కత్తి దిగిన చోటి నుంచి నా తొట్టి దాకా సిమెంటు మీద వెచ్చటి ఎర్రకాలవ పారేది. ఆ వాసనను నా మొగుడు బతికున్నన్నాళ్లూ భరించాడు, పోయేటప్పుడు మాత్రం తలుపు తీసిపెట్టమన్నాడు. నెజిప్‌ను నేను పెద్దన్నల్ని పిలిచినట్టే లాలా అని పిలిచేదాన్ని. ఊరు మాత్రం అతని వెనకాల మంత్రసాని అనేది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరైనా ఆవును తోలుకొస్తే లాలా ముందు కత్తి తీసేవాడు కాదు. చెయ్యి కడుక్కుని, దాని డొక్క కింద కుడివైపు అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. నేను పెట్టిన కాఫీ చల్లారిపోయినా కదిలేవాడు కాదు. లోపల ఏదైనా కదిలిందా, పలుపు తీసుకెళ్లి యజమాని మొహాన కొట్టేవాడు. ముందు దీన్ని ఈననియ్యి, అప్పటికీ దీని మీద నీ కసి తీరకపోతే అప్పుడు రా అనేవాడు. కసాయివాడికి కడుపులు చూసే పనేమిటని జనం నవ్వేవాళ్లు. అతను తిరిగి తిట్టే తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ఆ కట్టుబాటు అతని తండ్రి నుంచి వచ్చింది. తండ్రీ కసాయే, ఆయనా చూలు పశువు మీద కత్తి పెట్టేవాడు కాదు. ఇంటింటి ఆవునూ సహకార క్షేత్రంవాళ్లు తమ మందలో కలుపుకుపోయిన ఏడాది, ఆ పెద్దాయన తన ఆవు పలుపు వదలనన్నాడు. క్షేత్రం మేస్త్రీ పారకామ తిరగేసి ఆయన మోకాటి చిప్ప పగలగొట్టాడు. ఆవుకు ఇవేమీ తెలియవు కదా, పొద్దుగూకేసరికి మంద తప్పించుకుని వచ్చి కంచె అవతల నిలబడి, పొదుగు సలిపి అరిచేది. మంచం మీద పెద్దాయన వినేవాడు. ఎవరైనా వెళ్లి పితికితే జైలు. ఆ చలికాలం దాటకుండానే ఆయన పోయాడు. లాలాకు అప్పుడు కొత్తగా పెళ్లయింది. అతని భార్య సబిరే కాపురానికి వచ్చి ఆ ఇంట్లో మొట్టమొదట విన్న ఏడుపు ఆ ఆవుదే.

తర్వాత ప్రభుత్వం కూలింది, క్షేత్రాన్ని ముక్కలు చేసి పంచారు. చీటీల్లో లాలాకు ఒక పెయ్య వచ్చింది. దాని కూతురే బలాషే, నుదుట తెల్లమచ్చ ఉండేది. సబిరే దానికి పండగపూట మెడలో ఎర్రదారం కట్టేది, దానితో మాట్లాడినన్ని మాటలు మొగుడితో మాట్లాడేది కాదు. మొగుడి దగ్గర రక్తం వాసన, దాని దగ్గర పాల వాసన, నన్నేం చెయ్యమంటావు అనేది నాతో.

అప్పుడు కంపెనీ వచ్చింది. బజార్లో మంగలి దుకాణం పక్కన ఒక కిటికీ తెరిచారు. లోపల గోళ్లకు ఎర్రరంగు వేసుకున్న పిల్ల కూర్చుని డబ్బు తీసుకుని కాగితం ఇచ్చేది. నెల తిరిగేసరికి అదే కిటికీలోంచి వడ్డీ వచ్చేది. ఎక్కణ్నుంచి వస్తోంది అని ఒక్కడైనా అడిగితే ఒట్టు. దున్నపోతు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నారట, మేమంతా దూడకు పేరు కూడా పెట్టేశాం. నవ్వేవాళ్లు నవ్వండి. మేం నలభై ఏళ్లకు పైగా ప్రభుత్వం చెప్పే అబద్ధాలు వింటూ పెరిగినవాళ్లం. అబద్ధం చెప్పడం ప్రభుత్వం ఒక్కదానికే చేతనవుననుకున్నాం. కోటు వేసుకుని, కారు దిగి, అందరికీ చెయ్యిచ్చి పలకరించే సొంత వ్యాపారస్తుడు కూడా అబద్ధం చెబుతాడని మాకెవరు నేర్పారు? గొర్రె కసాయివాణ్ని నమ్ముతుందంటారు, మా ఊళ్లో కసాయివాడే వెళ్లి ఇంకొకణ్ని నమ్మాడు. తను కూడబెట్టిందీ, ఇటలీలో గిన్నెలు కడిగే తమ్ముడు పంపిందీ తీసుకెళ్లి లాలా ఆ కిటికీలో పోశాడు. మొదటి వడ్డీ వచ్చిన రోజు కబేళా ముందు బల్ల వేసి, వచ్చినవాడికల్లా రాకీ సారా పోశాడు. ఇంకెందుకురా ఈ పేడ ఎత్తడం అని కూడా అన్నాడు. ఆ మాట చాలామంది విన్నారు.

ఆ శరత్కాలంలో మా షెడ్డు ముందు పశువులు బారులు తీరాయి. మొదట ముసలి ఎద్దులు వచ్చాయి, తర్వాత వట్టిపోయినవి, తర్వాత పాలిచ్చేవి. ఇంట్లో ఆవుంటే లీటరు పాలు, కంపెనీలో ఉంటే రాజభోగం అని జనం లెక్క వేసుకున్నారు. పొద్దుట పితికిన ఆవును మధ్యాహ్నం తోలుకొచ్చేవాళ్లు. పడగొట్టి గొంతు కోస్తుంటే పొదుగులోంచి పాలు కారి, నెత్తుట్లో కలిసి గులాబీరంగు నీళ్లై నా కాళ్ల కింద పారేవి. బయట పిల్ల ఒకతి దూడను పట్టుకుని నిలబడేది, తల్లి అరుపు ఆగగానే దూడ మొదలుపెట్టేది. మాంసం ధర పడిపోయి కుక్కలు కూడా వాసన చూసి వదిలేసే స్థితి వచ్చింది. లాలా చెయ్యి వాచింది. అయినా అరచెయ్యి ఆనించడం మానలేదు, చూలు పశువును మాత్రం తిప్పి పంపేవాడు.

డిసెంబరులో హవా వచ్చింది. మా వీధి చివర ఉండే వితంతువు. ఆమె కొడుకు పెట్రిత్ గ్రీసులో టమాటా తోటల్లో నడుం విరగ్గొట్టుకుని తెచ్చిన డబ్బంతా అప్పటికే కంపెనీలో వేశాడు. అది చాలక తల్లి ఆవును కూడా తోలించుకొచ్చాడు. లాలా చెయ్యి కడుక్కుని డొక్కకు ఆనించాడు. ఎంతోసేపు పట్టలేదు.

"కదులుతోంది. తోలుకుపో."

"బాబాయ్, వేసిన డబ్బుకు మూడింతలిచ్చే పథకం ఈ వారంతో ఆఖరట. ఇది ఈనేదాకా కంపెనీ ఆగుతుందా?" అన్నాడు పెట్రిత్.

ఆగకపోతే పోనివ్వమన్నాడు లాలా. పెట్రిత్ నవ్వాడు. వాడి నవ్వులో అప్పటికింకా చెడ్డతనం లేదు, తొందర మాత్రమే ఉంది.

"మరి నువ్వెందుకు వేశావు? పేడ ఎత్తడం ఇంకెందుకన్నది నువ్వు కాదూ? నీకు లాభాలు, మా అమ్మకు నీతులూనా?"

లాలా హవా వైపు చూశాడు. ఆమె ఆవు వీపు నిమురుతూ, కొయ్యి నెజిప్, నువ్వు కొయ్యకపోతే పక్క ఊళ్లో గొడ్డలితో నరికేవాడి దగ్గరికి పోతుంది, నీ చేతిలోనైతే బాధ తెలియదు అంది.

కోశాడు. కడుపు చీల్చేసరికి సంచితో సహా దూడ జారి సిమెంటు మీద పడింది. ఇంకా నెలలు నిండలేదు, ఒంటి మీద సరిగా వెంట్రుకలు కూడా లేవు. నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఊపిరి ఎలా పీల్చాలో దానికి తెలియడం లేదు. లాలా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, ఆ వేలెడంత గొంతు మీద కత్తి పెట్టాడు. నేను పేగులతో పాటు దాన్నీ తొట్టిలో ఎత్తుకుపోయి కాలవ గట్టున పూడ్చాను. తిరిగొచ్చేసరికి లాలా గోడకేసి తల కొట్టుకుంటున్నాడు.

ఆ రోజు నుంచి అరచెయ్యి ఆనించడం మానేశాడు. ఆనిస్తే కదా తెలిసేది. ఏది వస్తే అది, ఎలా వస్తే అలా కోసేశాడు. ఒకనాడు తాగి ఇంటికెళ్లి బలాషే పలుపు విప్పబోయాడు. సబిరే కొట్టం గుమ్మానికి అడ్డంగా పడుకుంది. ముందు నా కాళ్లు కట్టు, తర్వాత దాని కాళ్లు అంది. పలుపుతోనే ఆమెను చితకబాదాడు. వీధి వీధంతా వింది, ఎవరూ వెళ్లలేదు. ఆమె కదల్లేదు. చివరికి పలుపు అక్కడే పారేసి, గడ్డిలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడని సబిరే తర్వాత చెప్పింది. అందుకే ఊళ్లో ఒక్క ఆవు మిగిలింది.

జనవరిలో కిటికీ మూశారు. పొద్దున్నే బజారంతా జనం, ఇనుపతలుపుకు పెద్ద తాళం. మొదటి రాయి ఎవరు వేశారో తెలియదు, రెండోది నాది. లాలా ఎముకలు కొట్టే కత్తి తెచ్చి ఆ తలుపును పశువును నరికినట్టు నరికాడు. లోపల రెండు కుర్చీలు, ప్లాస్టిక్ పూలకుండీ, గోడమీద సముద్రం బొమ్మ ఉన్నాయి. ఊరి గొడ్లన్నీ పోయి ఆ గదిలోకి చేరాయనుకున్నాం, వెంట్రుక కూడా లేదు. జనం కుర్చీల్ని పీకి పారేశారు, తర్వాత పురపాలక కార్యాలయం మీద పడ్డారు. మంటలు లేచాయి. లాఠీలు వచ్చాయి. ఒక పోలీసును పట్టుకుని, గుడ్డలూడదీసి కాలవలో ముంచారు, పళ్లు రాలగొట్టారు. అతనూ కంపెనీలో డబ్బు వేసినవాడేనని అరుస్తూనే ఉన్నాడు, వినే చెవి లేదు. లాలాకు పక్కటెముకలు రెండు విరిగాయి. నేను గాడిదబండి మీద ఇంటికి చేర్చాను. దారంతా అతను ఒక్క హవా ఆవు గురించే మాట్లాడాడు, కంపెనీని ఒక్క మాటా అనలేదు.

మార్చి వచ్చేసరికి సైనికులు తమ ఆయుధాల గిడ్డంగిని కాపలా లేకుండా వదిలేసి పోయారు. ఊరు ఊరంతా చీమలబారై వెళ్లి తుపాకులు తెచ్చుకుంది. ముసలమ్మలు ఒళ్లో తూటాలు మోసుకొచ్చారు. ఒకడు పాలపొడి బస్తాలు, ఒకడు కంబళ్లు, తెలివితక్కువవాడొకడు గ్యాసు ముసుగులు తెచ్చుకున్నాడు. డబ్బు పోయిన కసి ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ఆకాశాన్ని కాల్చారు. పైకి పోయిన తూటా కిందికి రాదా? కుట్టుపని చేసే వసిలికి అనే ఆమె కూతురు మేడమీద బట్టలు ఆరేస్తూ, నడినెత్తిన తూటా దిగి చచ్చిపోయింది. చేతిలో తడిచొక్కా అలాగే ఉంది. ఆ తూటా ఎవడిదో వాడికి కూడా తెలియదు.

లాలా తుపాకీ తెచ్చుకోలేదు. కబేళా మూతబడింది, కొయ్యడానికి ఏముంది గనక. ఇంట్లోనే ఉండి బలాషేకు గడ్డి కోసి వేసేవాడు. అది నిండు చూలు, నేడో రేపో ఈనేలా ఉంది. పొదుగు దిగింది. ఊళ్లో చంటిపిల్లలకు పాలు లేక టీనీళ్లలో రొట్టె నానబెట్టి పెడుతున్న రోజులవి. నా మనవడు కూడా అదే తిని ఎండిపోతున్నాడు. మా వీధి ఆడవాళ్లం రోజూ ఏదో వంక పెట్టుకుని సబిరే కొట్టంలోకి తొంగిచూసేవాళ్లం. హవా అయితే చెంబుతోనే వచ్చేది. ఇంకా లేవమ్మా అంటే, తెలుసు, చూసిపోదామని వచ్చాను అనేది. ఆ ఒక్క కడుపు మీదే వీధి ఆశంతా ఉంది.

పెట్రిత్ అప్పటికి ఐదుగురిని వెంటేసుకుని, మొహానికి నల్లటోపీ లాక్కుని, రోడ్డుకడ్డంగా రాళ్లు పేర్చి వచ్చేపోయేవాళ్లను దోచుకుంటున్నాడు. ఒక జీపు ఎవరిదన్న తగాదాలో వాడి జతగాడు బష్కిమ్‌ను పక్క ఊరివాళ్లు కాల్చి చంపారు. బష్కిమ్‌కు ముందూ వెనకా ఎవరూ లేరు. శవాన్ని లేపిన ఇల్లు వచ్చినవాళ్లకు మాంసంతో భోజనం పెట్టకపోతే మా వైపు ఆ చావుకు మర్యాద లేదు. ఆ మర్యాద పెట్రిత్ తన నెత్తిన వేసుకున్నాడు. మాంసమేది? మైదానమంతా వెతికినా గిట్ట కనిపించని కాలం.

ఆ ఉదయం నేను సబిరే పెరట్లోనే ఉన్నాను. గేటు తన్ని ఐదుగురూ లోపలికొచ్చారు. పెట్రిత్ టోపీ మొహం మీంచి పైకి లాక్కున్నాడు, అంతమాత్రం సిగ్గు వాడికింకా ఉంది.

"బాబాయ్, బష్కిమ్‌ను మట్టిచేశాం. వచ్చినవాళ్లకు ముద్ద పెట్టాలి."

మా ఇంట్లో చిక్కుడుగింజలున్నాయి, పట్టుకుపో నాయనా అంది సబిరే. వాడు ఆమెవైపు చూడను కూడా చూడలేదు.

"ఊళ్లో ఆవులన్నీ కోసినవాడి పెరట్లో ఆవు మేస్తోందంటే నవ్వొస్తోంది బాబాయ్. మావన్నీ గొడ్లూ, నీది ఆడపడుచూనా? కత్తి తియ్యి."

లాలా లేచాడు. పక్కటెముకలు పట్టుకుని నెమ్మదిగా బావిదాకా వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు. హవా ఆవు తర్వాత అతను అలా చెయ్యి కడుక్కోవడం అదే మొదలు. బలాషే పక్కకు వచ్చి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తుపాకులు పట్టుకున్న ఐదుగురూ, మేమిద్దరం, అందరం ఆ చేతికేసే చూస్తున్నాం.

"కదులుతోంది. కొయ్యను."

"మా ఆవు కడుపులో కదల్లేదా?" అన్నాడు పెట్రిత్.

"కదిలింది. నా చెయ్యి కిందే కదిలింది, తెలిసే కోశాను. అందుకే దీన్ని కొయ్యను."

అతను ఏదైనా సాకు చెప్పి ఉంటే పెట్రిత్ తిట్టి పోయేవాడేమో. ఆ నిజం వాడు ఓర్చుకోలేకపోయాడు. తుపాకీ ఎత్తి ఆవు తలకు గురిపెట్టి నొక్కాడు. ఆ తుపాకీ ఒక్క గుండుతో ఆగే రకం కాదు, ఎగిరెగిరి పడింది. బలాషే మెడ తూట్లుపడి ముందుకాళ్ల మీద కూలింది. లాలా కూడా కూలాడు. తొడ పైభాగం నుంచి నెత్తురు కుళాయి విప్పినట్టు కొట్టింది.

నేను తలగుడ్డ విప్పి కట్టు కట్టబోయాను. ఛాతీ మీద చెయ్యిపెట్టి నన్ను తోసేశాడు. "ముందు ఇది. కాలు పట్టుకో." నడుమున ఉన్న కత్తి తీశాడు. ఇరవై ఏళ్లు అతని పక్కన పనిచేశాను, అంత నెమ్మదిగా కత్తి దించడం ఎప్పుడూ చూడలేదు. తోలు, దాని కింద పొర, దాని కింద సంచి. నేను మోచేతుల దాకా చేతులు పెట్టి లాగాను. రాలేదు. పక్కన ఇంకో రెండు చేతులు వచ్చి పడ్డాయి. పెట్రిత్‌వి. తుపాకీ ఎక్కడ పారేశాడో తెలియదు. ముగ్గురం లాగితే దూడ ఒక్కసారిగా మా మీద వచ్చి పడింది. పెయ్యదూడ, నుదుట తెల్లమచ్చ. లాలా దాని ముక్కులో వేళ్లు పెట్టి జిగురు తీసి, నోట్లో ఊది, వీపున చరిచాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తుమ్మింది, అరిచింది.

"సబిరే," అన్నాడు లాలా, "పొదుగు చల్లారకముందే పితుకు."

జున్నుపాలు పడకపోతే దూడ బతకదు. సబిరే మొగుడి మొహం చూసింది, అతని కింద మడుగు కట్టిన నెత్తురు చూసింది. చచ్చిన ఆవు పక్కన, ఆ మడుగులోనే గొంతుక్కూర్చుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని పితకడం మొదలుపెట్టింది. పసుపుపచ్చటి చిక్కటి పాలు సర్రుసర్రున పడ్డాయి. ఏడుస్తూనే ఉంది, చేతులు మాత్రం ఆపలేదు. నేను తొడకు కట్టు బిగించాను గానీ, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది.

గుండ్లమోత విని హవా చెంబుతో సహా పరిగెత్తుకొచ్చింది. లాలా ఆమెను చూశాడు. పెట్రిత్ చొక్కా పట్టుకుని దగ్గరకు లాగాడు.

"ఇది మీ అమ్మది. తోలుకుపొండి. నా నెత్తురుకు బదులు నెత్తురు ఎవరూ ఎవర్నీ అడగొద్దు."

సబిరే గిన్నె నిండేసరికి అతను పోయాడు. ఆమె పితకడం అయ్యాకే ఇటు తిరిగింది.

మిగతా నలుగురూ బలాషేను ముక్కలు చేసి పట్టుకుపోయారు, బష్కిమ్ భోజనం ఘనంగానే జరిగిందట. హవా కొడుకు చెంపలు వాచేలా కొట్టింది. వాడు ఒక్క దెబ్బ కూడా తప్పించుకోలేదు. ఆ వారంలోనే కొండలు దాటి గ్రీసు పోయాడు, మళ్లీ రాలేదు. ఇటలీ తమ్ముడు శవానికి అందలేదు గానీ తుపాకీతో వచ్చాడు, నెత్తురుకు నెత్తురు అన్నాడు. సబిరే గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చచ్చినవాడు లెక్క తీర్చిపోయాడు, నువ్వు మళ్లీ తెరవకు అంది. ఆ గుమ్మానికి అడ్డంగా ఆమె నిలబడితే ఏమవుతుందో మా వీధికి తెలుసు. తమ్ముడికీ తెలిసొచ్చింది.

దూడను హవా ఇంట్లో కుంపటి పక్కన పెంచింది. సబిరే ఇచ్చిన జున్నుపాలు అయిపోయాక, గిడ్డంగిలోంచి బస్తాలెత్తుకొచ్చినవాడు ఆ తర్వాత ఇంటికింత అమ్మిన పాలపొడి ఇల్లిల్లూ తిరిగి అడుక్కుని కలిపి తాగించింది. నేనూ ఒక డబ్బా ఇచ్చాను, నా మనవడి వంతులోంచి తీసి. కంపెనీ కాగితాలు పట్టుకుని ఊరు ఏళ్ల తరబడి రాజధాని చుట్టూ తిరిగింది. ఎవరికీ ఏమీ రాలేదు.

మూడో ఏట ఆ పెయ్య ఈనింది. జున్నురోజులు గడిచాక ఒక పొద్దున నేను సబిరే గుమ్మంలో కూర్చుని ఉండగా హవా చెంబు పట్టుకుని వచ్చింది. అదే చెంబు. సబిరే ఆమెను పైకీ కిందికీ చూసింది. వాళ్లిద్దరూ అన్నాళ్లూ మాట్లాడుకోలేదు.

"కంపెనీలో పెట్టిన ఊరు మొత్తంలో అసలు తిరిగొచ్చింది నీకొక్కదానికే హవా," అంది సబిరే.

హవా మొహం నల్లబడింది. పోతుందేమో అనుకున్నాను. పోలేదు.

"వడ్డీ తెచ్చాను," అంది. "గిన్నె పట్టు."

సబిరే లోపలికెళ్లి గిన్నె తెచ్చి పట్టింది.